ఎత్తు చాలని పిల్లలతో ఓర్లాండో: రైడర్ స్విచ్, చైల్డ్ స్వాప్ సేవలపై ఒక సమీక్ష

పెద్ద రైడ్ ఎక్కడానికి ఎత్తు చాలని పిల్లవాడు వెంట ఉన్నప్పుడు, తల్లిదండ్రుల్లో ఎవరూ ఆ రైడ్‌ను వదులుకోకుండా, ఒకే రైడ్ కోసం పొడవాటి క్యూలో ఇద్దరూ విడివిడిగా నిలబడకుండా, ఒకరి తర్వాత ఒకరు ఎక్కి రావడానికి ఫ్లోరిడాలోని ఓర్లాండో పార్కుల్లో ఒక ఏర్పాటు ఉంది. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో దానిని రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్ ఓర్లాండోలో చైల్డ్ స్వాప్ అంటారు. రెండూ ఉచితం. ముందుగా నమోదు చేసుకోవలసిన పనిగాని, విడిగా టికెట్ కొనవలసిన పనిగాని లేదు. అయినప్పటికీ, విమాన టికెట్లు, హోటళ్లు, పార్కు టికెట్ల ధరలు నెలల తరబడి సరిచూసుకుని వచ్చే మన కుటుంబాల్లో కొందరు రైడ్ ద్వారం దాకా వచ్చి, "మీరు వెళ్లి రండి, వీణ్ణి నేను చూసుకుంటాను" అని ఒకరు వెనక్కి తగ్గడంతో ఆ సంగతి అక్కడితో ముగించేస్తారు. ఆ వెనక్కి తగ్గే మనిషి చాలా ఇళ్లలో తల్లే అవుతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెండు సేవలనూ ఇద్దరు పిల్లలున్న తల్లిగా వాడి చూశాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండూ ఒకే అవసరానికి పుట్టినవే అయినా, రెండూ చేసే పని ఒకటి కాదు. డిస్నీ పద్ధతిలో పసివాడు క్యూలో నిలబడనక్కరలేదు, కాని కుటుంబం రెండు ముక్కలై గంటకు పైగా విడిపోతుంది. యూనివర్సల్ పద్ధతిలో అందరూ కలిసే ఉంటారు, కాని ఎక్కని పిల్లవాడు కూడా క్యూ మొత్తం నడవాలి. అందుచేత ఏది మేలైనదన్న ప్రశ్నకు సమాధానం పార్కును బట్టి కాక పిల్లవాడి వయసును బట్టి ఉంటుంది. రెండింటిలో ఏదైనా సరే, కనిపించిన ప్రతి రైడ్ దగ్గరా వాడుకుంటే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

ముందుగా ఎత్తుల సంగతి. అక్కడ వయసుతో కాదు, అంగుళాలతోనే పని. డిస్నీ వరల్డ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, స్లింకీ డాగ్ డ్యాష్, కాళీ రివర్ రాపిడ్స్ వంటివాటికి 38 అంగుళాలు చాలు, అంటే సుమారు 97 సెంటీమీటర్లు. సోరిన్, టవర్ ఆఫ్ టెర్రర్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్, 2024లో తెరిచిన టియానాస్ బయూ అడ్వెంచర్‌లకు 40 అంగుళాలు కావాలి. గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ పేరిట, డిస్నీ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌లో 2022లో మొదలైన కాస్మిక్ రీవైండ్‌కు 42, స్పేస్ మౌంటెన్, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, అవతార్ ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌లకు 44, 2023లో వచ్చిన ట్రాన్ లైట్‌సైకిల్ రన్‌కు 48 అంగుళాలు. యూనివర్సల్‌లో ఈ కొలతలు ఇంకాస్త పైకే పోతాయి. గ్రింగాట్స్‌కు 42, ఫర్బిడెన్ జర్నీకి, హాగ్రిడ్ మోటార్‌బైక్ రైడ్‌కు 48, వెలాసికోస్టర్‌కు 51, హల్క్ కోస్టర్‌కు 54 అంగుళాలు కావాలి. నాలుగేళ్లు నిండిన పిల్లవాడు సగటున 40 అంగుళాల దగ్గర ఉంటాడు, 48 అందుకోవడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. కాబట్టి మూడేళ్ల పిల్లవాడితో యూనివర్సల్‌కు వెళ్లే కుటుంబం తన రోజంతా చైల్డ్ స్వాప్ మీదే ఆధారపడవలసి వస్తుందని ముందే గ్రహించడం మంచిది. అదే పిల్లవాడితో డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు వెళ్తే పీటర్ పాన్, డంబో, పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్, హాంటెడ్ మాన్షన్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ వంటి ఎత్తు నిబంధన లేని రైడ్లే ఒక రోజుకు సరిపోతాయి.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర బతిమాలడం వల్ల ఫలితం ఉండదు. పిల్లల వైద్యుని దగ్గర చివరిసారి రాసిన ఎత్తును చూసుకుని, ఏ రైడ్ అందుతుందో, ఏది అందదో ఇంటి దగ్గరే పిల్లలకు చెప్పేయడం మేలు. అర అంగుళం తక్కువైన పిల్లవాడిని నలభై నిమిషాలు ఆశపెట్టి ద్వారం దగ్గర వెనక్కి తీసుకురావడం కన్నా, ముందే తెలిసిన నిరాశ చిన్నది. హైదరాబాదు వండర్‌లాకు వెళ్లినవారికి ఎత్తును బట్టి టికెట్ ఇవ్వడం అలవాటే. డిస్నీలో మాత్రం టికెట్టు వయసును బట్టి, రైడ్ ఎత్తును బట్టి. మూడేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల టికెట్, పదేళ్లు నిండితే పెద్దల టికెట్.

ఇక డిస్నీ పద్ధతి ఎలా నడుస్తుందో వివరంగా చూద్దాం. కుటుంబమంతా కలిసి రైడ్ ద్వారం దగ్గర నిలబడిన ఉద్యోగి వద్దకు వెళ్లి, రైడర్ స్విచ్ కావాలని చెప్పాలి. డిస్నీవారు తమ ఉద్యోగులను కాస్ట్ మెంబర్లంటారు. ఎక్కని పిల్లవాడు ఆ సమయంలో అక్కడ కనిపించాలి, వాడిని ఎక్కడో నిద్రపుచ్చి ఒకరే వచ్చి అడిగితే కుదరదు. ఉద్యోగి మిమ్మల్ని రెండు జట్లుగా చేస్తారు. మొదటి జట్టు మామూలు క్యూలోకి వెళ్తుంది. రెండవ జట్టులోని పెద్దవారి టికెట్‌కో, చేతికి కట్టుకున్న మ్యాజిక్‌బ్యాండ్‌కో ఆ ఉద్యోగి తన చేతిలోని పరికరంతో వంతు నమోదు చేస్తారు. మొదటి జట్టు ఎక్కి దిగి బయటికి వచ్చి పిల్లవాడిని అందుకున్నాక, రెండవ జట్టు లైట్నింగ్ లేన్ అనే దగ్గరి దారిలో లోపలికి వెళ్తుంది. సాధారణంగా డబ్బు కట్టినవారు వెళ్లే దారి అది. కొన్ని పేరున్న రైడ్లకు ఆ దారిని విడిగా, ఒక్కోదానికి ఇంత అని కొనుక్కోవలసి ఉండగా, వంతు మీద వచ్చినవారు దానిలో ఉచితంగా నడుస్తారు. ఈ సేవ ఎంత విలువైనదో అక్కడే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో మరొక సౌకర్యం పెద్దపిల్లలకు దక్కుతుంది. తండ్రితో కలిసి ఒకసారి ఎక్కిన అమ్మాయి, తల్లి వంతు వచ్చినప్పుడు ఆమెతో కలిసి రెండోసారి కూడా ఎక్కవచ్చు. ఎంతమందిని ఇలా రానిస్తారన్నదానికి పరిమితి ఉంటుంది కాబట్టి ద్వారం దగ్గరే అడిగి పేరు చేర్పించుకోవాలి. ఏడేళ్ల లోపు పిల్లలు రైడ్ ఎక్కాలంటే పద్నాలుగేళ్లు నిండినవారెవరైనా తోడు ఉండాలని డిస్నీ నియమం. ఆ తోడు మొదటి వంతులో ఒకరు, రెండవ వంతులో మరొకరు కావచ్చు. మా ఇంట్లో పెద్దమ్మాయికి ఈ ఏర్పాటు మీద ఉన్న భక్తికి కారణం ఇదే. తమ్ముడు ఎత్తు పెరగకుండా ఇంకో రెండేళ్లు ఆగితే బాగుండునని ఆమె బహిరంగంగానే కోరుకుంటుంది.

రైడర్ స్విచ్ కేవలం ఎత్తు చాలని పిల్లల కోసమే కాదన్న సంగతి కూడా చెప్పాలి. ఎత్తు ఉన్నా చీకటికో, వేగానికో భయపడి ఎక్కనన్న పిల్లవాడి దగ్గర ఒకరు ఉండవలసి వచ్చినా ఇది వర్తిస్తుంది. స్పేస్ మౌంటెన్ పూర్తిగా చీకట్లో నడిచే రైడ్, టవర్ ఆఫ్ టెర్రర్‌లో లిఫ్టు ఒక్కసారిగా కిందికి జారుతుంది. నలభై నాలుగు అంగుళాలున్నాడు కదా అని అయిదేళ్ల పిల్లవాడిని బలవంతాన ఎక్కించి, మిగిలిన రోజంతా వాడిని సముదాయిస్తూ గడపడం కన్నా, వంతు అడిగి తీసుకోవడం తెలివైన పని. "కొంచెం ధైర్యం చెబితే ఎక్కేస్తాడు" అనే మాట మన ఇళ్లలో తరచు వినిపిస్తుంది గాని, ఆ ప్రయోగానికి సెలవు రోజులు తగినవి కావు.

యూనివర్సల్ దగ్గరకు వస్తే అక్కడి తీరే వేరు. అక్కడ పిల్లవాడితో సహా కుటుంబమంతా కలిసి క్యూలో నడుస్తుంది. రైడ్ ఎక్కే చోటికి చేరుకున్నాక, చైల్డ్ స్వాప్ అని రాసి ఉన్న గదికో, పక్కగా వదిలిన చోటికో ఉద్యోగులు దారి చూపుతారు. ఒకరు పిల్లవాడితో అక్కడ కూర్చుంటారు, మిగిలినవారు ఎక్కుతారు. వారు దిగి నేరుగా ఆ గదికే వస్తారు, కూర్చున్నవారు లేచి వెళ్లి వెంటనే ఎక్కుతారు. మళ్లీ క్యూ ఉండదు, ద్వారం దాకా తిరిగి వెళ్లే పని ఉండదు, పార్కులో ఒకరినొకరు వెతుక్కునే పని అసలే ఉండదు. పెద్దపిల్లలు ఇక్కడ కూడా రెండు వంతుల్లోనూ ఎక్కే వీలుంది.

ఈ పద్ధతిలోని అసలు గొప్పతనం, క్యూ కూడా చూడదగినదైనప్పుడు బయటపడుతుంది. యూనివర్సల్ పార్కుల్లో ఒకటైన ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లోని ఫర్బిడెన్ జర్నీ క్యూ అంటే హ్యారీ పాటర్ కథల్లోని హాగ్వార్ట్స్ కోటలో నడకే. గోడల మీద పటాల్లోని మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటారు, డంబుల్‌డోర్ గది వస్తుంది, మొక్కలు పెంచే గాజుగది వస్తుంది. 48 అంగుళాలు లేని పిల్లవాడికి ఆ రైడ్ అందకపోయినా కోట అంతా అందుతుంది. డిస్నీ పద్ధతిలో అయితే వాడు బయట స్ట్రోలర్ అనే తోపుడు బండిలో కూర్చుని గోడలను మాత్రమే చూస్తాడు. ఆ కథల్లోని బ్యాంకు అయిన గ్రింగాట్స్‌లో పాలరాతి స్తంభాల మధ్య, పెద్ద దీపాల కింద, బల్లల వెనుక కూర్చుని ఖాతాలు రాసుకునే గాబ్లిన్‌ల బొమ్మలు తలెత్తి చూస్తాయి. కొందరు పిల్లలకు అదే రోజుకల్లా ఇష్టమైన దృశ్యం, కొందరు ఆ చూపుకే జడిసి తల్లి భుజం మీద ముఖం దాచుకుంటారు. మీ పిల్లవాడు ఏ కోవలోవాడో మీకే తెలియాలి. ఫర్బిడెన్ జర్నీ నిరీక్షణ గదిలో హ్యారీ పాటర్ సినిమానే తెర మీద నడుస్తూ ఉంటుంది కాబట్టి కూర్చున్నవారికి కాలక్షేపానికి లోటు ఉండదు. అన్ని రైడ్ల దగ్గరా ఇంత వసతి ఉంటుందని అనుకోకూడదు. కొన్నిచోట్ల నాలుగు బల్లలు, నాలుగు గోడలు తప్ప ఏమీ ఉండవు.

దీనికి మూల్యం కూడా ఉంది, ఆ మూల్యం చెల్లించేది పసివాడే. స్ట్రోలర్‌ను క్యూలోకి తీసుకుపోనివ్వరు, బయట నిలిపే చోట వదిలిరావాలి. నడక వచ్చినా ఓపిక రాని రెండేళ్ల పిల్లవాడిని గంటసేపు చంకనెత్తుకుని మలుపులు తిరుగుతూ నడవడం సామాన్యమైన పని కాదు. క్యూ మధ్యలో మరుగుదొడ్డి ఉండదు, వాడికి అవసరం వస్తే మొత్తం వెనక్కి నడవాలి. పైగా వదులుగా ఉండే వస్తువులను అనుమతించని కోస్టర్ల దగ్గర సంచులన్నీ లాకర్లో పెట్టాలి. డైపర్లు, పాలసీసా, తినుబండారాలు ఉన్న సంచి కూడా అందులోకి పోకుండా చూసుకోవడానికి, పిల్లవాడితో ఉండే మనిషి దగ్గర ఏది ఉంచుకోవచ్చో ముందే ఉద్యోగిని అడగాలి. క్యూలోకి అడుగు పెట్టే ముందు డైపర్ మార్చి, కడుపు నింపి, కాసిని నీళ్లు తాగించడం అనే మూడు పనులు ఆ గంటను గట్టెక్కిస్తాయి.

కాలం లెక్క వేసి చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. ద్వారం దగ్గర పలకమీద 70 నిమిషాలని ఉన్న రైడ్‌ను తీసుకుందాం, రైడ్‌కు అయిదు నిమిషాలు అనుకుందాం. ఏ సేవా వాడకుండా తల్లి, తండ్రి విడివిడిగా క్యూ కడితే మొత్తం 150 నిమిషాలు పడుతుంది. డిస్నీలో మొదటి వంతుకు 75, రెండవవారికి దగ్గరి దారిలో ఓ పావుగంట, రైడ్‌కు అయిదు, అన్నీ కలిపి 95 నిమిషాలు. యూనివర్సల్‌లో 70 నిమిషాల క్యూ, రెండు వంతులు, మధ్యలో మార్పిడికి పట్టే కాస్త సమయం కలిపి 85 నిమిషాల లోపే ముగుస్తుంది. గడియారం ప్రకారం యూనివర్సల్‌దే పైచేయి. కాని డిస్నీలో ఆ 95 నిమిషాల్లో పిల్లవాడు ఒక్క నిమిషం కూడా ఆ క్యూలో లేడు, పక్కనున్న చిన్న రైడ్లు రెండు ఎక్కి, ఐస్‌క్రీమ్ తిని, స్ట్రోలర్‌లో కునుకు కూడా తీసి ఉండవచ్చు. యూనివర్సల్‌లో ఆ 85 నిమిషాలూ వాడు ఎక్కని రైడ్ కోసమే ఖర్చయ్యాయి. మూడేళ్ల లోపు పిల్లలున్నవారు డిస్నీ పద్ధతి వైపు, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలున్నవారు యూనివర్సల్ పద్ధతి వైపు మొగ్గుతారని నేననేది ఈ లెక్కను బట్టే.

అదే లెక్క మరొక సంగతి కూడా చెబుతుంది. డిస్నీలో ఇలాంటి రైడ్లు ఒకే రోజు నాలుగు పెట్టుకుంటే, దంపతులిద్దరూ ఆరు గంటలకు పైగా విడివిడిగా గడిపినట్లు. కుటుంబంతో వచ్చి, కుటుంబాన్ని ఫోన్‌లో కలుసుకునే పరిస్థితి అది. నిరీక్షణ 15, 20 నిమిషాలే ఉన్న రైడ్ దగ్గర వంతు తీసుకుంటే కలిసొచ్చేది పది నిమిషాలు, విడిపోయేది అరగంట. అందువల్ల రోజుకు రెండు రైడ్లకు మించి దీనిని వాడకపోవడం, ఆ రెండూ నిరీక్షణ బాగా ఉండేవే కావడం మంచిది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, ట్రాన్. ఎప్‌కాట్‌లో కాస్మిక్ రీవైండ్. హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్. యానిమల్ కింగ్‌డమ్‌లో ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ ఇందుకు తగినవి.

పక్కన తెలిసినవారు లేకపోయినా ఫరవాలేదనుకునే దంపతులకు మరో మార్గం ఉంది. ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, మిలీనియం ఫాల్కన్ వంటి కొన్ని రైడ్లకు సింగిల్ రైడర్ క్యూ ఉంటుంది. ఖాళీగా మిగిలిన ఒంటి సీటులో ఒక్కరిని కూర్చోబెట్టి పంపే ఆ వరుస మామూలు క్యూ కన్నా సాధారణంగా త్వరగా కదులుతుంది. ఒకరి తర్వాత ఒకరు అందులోనే వెళ్లి వస్తే, ఎవరినీ ఏమీ అడగకుండా ఇంచుమించు అదే ఫలితం దక్కుతుంది. అయితే స్టార్ వార్స్ కథల్లోని అంతరిక్ష నౌక అయిన ఫాల్కన్‌లో, నౌకను నడిపే కుర్చీ మీద ఆశ పెట్టుకోకూడదు, ఒంటిగా వచ్చినవారికి సాధారణంగా వెనుక వరుసలోని ఇంజనీరు స్థానమే దక్కుతుంది.

డిస్నీ పద్ధతి ఎంత బాగుంటుందన్నది నిజానికి రైడ్ మీద కాక, రైడ్ పక్కన ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది. మైన్ ట్రైన్ దగ్గర వేచి ఉండేవారు అదృష్టవంతులు. తిరిగే టీ కప్పులు, విన్నీ ది పూ, కాస్త అవతల డంబో, అన్నీ ఎత్తు అడగని రైడ్లే. స్లింకీ డాగ్ పక్కనే టాయ్ స్టోరీ మేనియా ఉంది, కాని దానికీ పొడవాటి వరుసే ఉంటుంది. యానిమల్ కింగ్‌డమ్‌లోని పాండోరా అనే ప్రాంతంలో ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ వంతు కోసం ఆగేవారికి నావీ రివర్ జర్నీ పడవ, ఆ వింత మొక్కల మధ్య నడక ఉన్నాయి. ఎవరెస్ట్ దగ్గర ఆగడం మనవాళ్లకు ప్రత్యేకంగా నచ్చుతుంది. ఆ ప్రాంతమంతా ఆనందపూర్ అనే కల్పిత ఊరిగా కట్టారు. పాతబడ్డ కోట గోడలు, వేలాడే బోర్డులు, రంగు వెలిసిన దుకాణాలు చూస్తుంటే ఫ్లోరిడాలో ఉన్నామన్న సంగతి కాసేపు మరుపుకు వస్తుంది. అక్కడి మహారాజా జంగిల్ ట్రెక్ అనే కాలిబాటలో, శిథిలాల నడుమ పులులను నడుస్తూనే చూడవచ్చు. ఎత్తు నిబంధన లేదు, స్ట్రోలర్ వెళ్తుంది, గంటసేపు ఇట్టే గడిచిపోతుంది. పులి నిద్ర లేచి ఉంటే, తండ్రి ఎక్కిన రైడ్ సంగతి పిల్లవాడు మళ్లీ ఎత్తడు.

చంటిపిల్లలున్నవారు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్లున్నాయి. పాలివ్వడానికి తలుపున్న చల్లని గదులు, డైపర్ మార్చే బల్లలు, అన్నం తినిపించడానికి ఎత్తు కుర్చీలు అందులో ఉంటాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ పక్కన ఉంది. వంతు కోసం ఆగే గంటను అక్కడ గడిపితే ఆ తరువాతి మూడు గంటలు పసివాడు హుషారుగా ఉంటాడు. అయితే అది పార్కుకు ఒక్కటే కనుక ఎక్కబోయే రైడ్‌కు దూరం కావచ్చు. రైడ్‌ను ఎంచుకునేటప్పుడే ఈ దూరాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

తెలుగు కుటుంబాల్లో అమ్మమ్మ, తాతయ్యలు వెంట వచ్చే సందర్భాలు తక్కువేమీ కాదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు ఆరు నెలల కోసం వచ్చిన పెద్దవాళ్లను ఓర్లాండో తీసుకువెళ్లడం ఒక ఆనవాయితీ అయిపోయింది. పెద్దవాళ్లు పిల్లవాడి దగ్గర ఉంటే దంపతులిద్దరూ కలిసే ఎక్కవచ్చు, ఏ స్విచ్ తోనూ పని లేదు. వినడానికి ఇది అన్నిటికన్నా సులువైన మార్గం. కాని జూలై మధ్యాహ్నం ఫ్లోరిడా ఉక్కపోతలో, అలవాటు లేని చోట, ఏడుస్తున్న మనవడితో, అమెరికా సిమ్ లేని ఫోన్‌తో డెబ్భై అయిదు నిమిషాలు ఒక బెంచీ మీద కూర్చోవడం అరవై అయిదేళ్ల మనిషికి ఎంత సులువో ఆలోచించాలి. అమ్మమ్మ "నాకేం ఫరవాలేదమ్మా, మీరు వెళ్లిరండి" అంటుంది. ఆమె ఎప్పుడూ అలాగే అంటుంది. ఆమె ప్రవేశానికి కట్టింది కూడా పెద్దల టికెట్ ధరే. పెద్దవాళ్లకు పిల్లవాడిని అప్పగించదలిస్తే, చల్లని గది ఉన్న చోటు, పక్కనే మరుగుదొడ్డి, ఫోన్ పనిచేయకపోయినా వచ్చి కలుసుకోవడానికి ఒక గుర్తు పెట్టుకున్న స్థలం ఉండేలా చూసి, ఒకటి రెండు రైడ్లకే దానిని పరిమితం చేయాలి. తక్కిన చోట్ల రైడర్ స్విచ్ తీసుకుంటే, తల్లిదండ్రుల్లో ఒకరు ఎప్పుడూ పెద్దవాళ్ల పక్కన ఉంటారు. పైరేట్స్ పడవలోనో, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లోనో అందరూ కలిసి కూర్చునే అవకాశం కూడా అప్పుడు మిగులుతుంది.

ఈ సేవ ఎవరికి అందదో కూడా చెప్పాలి. ఒక్కరే పెద్దవారు ఇద్దరు పిల్లలతో వచ్చి, ఒక పిల్ల ఎత్తు చాలి మరొకరిది చాలకపోతే, రెండు పార్కుల పద్ధతులూ ఆ తల్లికో, తండ్రికో పనికిరావు. చిన్నవాడి దగ్గర ఉండడానికి రెండో మనిషి లేనప్పుడు మార్చుకోవడానికి వంతే లేదు. అలాంటివారు మరో కుటుంబంతో కలిసి వెళ్లడం ఒక్కటే నిజమైన పరిష్కారం. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే మిగిలినవారికి కూడా లాభమే. ఒక ఇంటివారు పిల్లలందరినీ చూసుకుంటుండగా రెండో ఇంటి దంపతులు కలిసి ఎక్కి రావచ్చు, ఆ తర్వాత తారుమారు కావచ్చు. పెద్దవాళ్లు వెంట లేనప్పుడు భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ఎక్కే అవకాశం ఈ ఏర్పాటులోనే ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు రైడర్ స్విచ్ ఇవ్వలేనిది అదొక్కటే.

లోపాల్లో చెప్పుకోదగినది వాతావరణంతో వచ్చే చిక్కు. వేసవిలో ఓర్లాండోలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడడం మామూలు. మెరుపులు దగ్గరకు వచ్చాయంటే ఆరుబయట నడిచే రైడ్లన్నీ ఆపేస్తారు. వెలాసికోస్టర్, హాగ్రిడ్ రైడ్, స్లింకీ డాగ్, ఎవరెస్ట్ ఈ కోవలోవే. మొదటి వంతు దిగి, రెండవ వంతు ఎక్కబోయే సమయానికి రైడ్ ఆగిపోతే ఇంట్లో సగంమంది ముఖాలు వెలిగి, సగంమంది ముఖాలు వాడిపోయి ఉంటాయి. దీనికి పార్కును తప్పుపట్టలేం, ఆరుబయటి రైడ్లను ఉదయం పూటే పెట్టుకుని, మధ్యాహ్నానికి పైకప్పు కింద నడిచే కాస్మిక్ రీవైండ్, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్, ఫర్బిడెన్ జర్నీ వంటివాటిని ఉంచుకోవడమే మన చేతిలో ఉన్నది. మొదటి వంతులో ఎవరు వెళ్లాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ రైడ్ మీద ఎక్కువ మనసు పడినవారినే ముందు పంపాలని నేను చెప్పేది కూడా ఈ కారణంగానే.

మొత్తం మీద డిస్నీవారి రైడర్ స్విచ్‌కు అయిదుకు నాలుగు, యూనివర్సల్ చైల్డ్ స్వాప్‌కు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తేడా నిరీక్షణ గదికి చెందుతుంది. వాన పడినా, ఎండ కాసినా కుటుంబం ఒకే కప్పు కింద ఉంటుంది, మొదట దిగినవారు రైడ్ ఎలా ఉందో చెబుతుండగానే రెండోవారు ఎక్కబోతారు. మా ఇంట్లో ఇంకా పాలు తాగే బిడ్డ ఉండి ఉంటే ఈ మార్కులు తారుమారయ్యేవి. ఒక్క జాగ్రత్త మాత్రం రెండు చోట్లా వర్తిస్తుంది: క్యూలోకి అడుగు పెట్టకముందే, ద్వారం దగ్గరి ఉద్యోగికి విషయం చెప్పాలి. డిస్నీలో వంతు నమోదయ్యేది ఆ ద్వారం దగ్గరే కాబట్టి, తండ్రి అప్పటికే క్యూలో సగం దూరం వెళ్లిపోయాక తల్లి వచ్చి అడిగితే పని జటిలమవుతుంది. పార్కు మూసే వేళ దగ్గరపడినప్పుడైతే, రెండో వంతుకు సమయం మిగులుతుందా అని కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి.